వెనక నారు

ఇంటి మెట్ల మీద నుంచి
నారు పోసిన నాలుగో రోజు

అక్కా,

పొద్దున నువ్వు ఫోన్ చేస్తే ఎత్తాను గానీ ఊ ఊ అనడం తప్ప ఇంకేం రాలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టగానే నా గొంతుకి ఎవరో బిరడా కొట్టినట్టు అవుతుంది, నీకు తెలిసిందే. అందుకే ఇకనుంచి ఫోన్‌లోనే ఇట్లా రాసి పంపిస్తా. ఏడో క్లాసులో మానేసిన రాత ఇది. నవ్వుకుంటే నువ్వొక్కదానివే నవ్వుకో, బావకి చూపించకు.

నాన్న కాలు ఎట్లా ఉంది? కట్టు తీసేదాకా మంచం దిగొద్దన్నారంట కదా. దిగుతాడు చూడు. కాపలా ఉండు.

కారు ఎక్కేటప్పుడు నాన్న నాతో ఒక మాటన్నాడు. ఈ పంట నువ్వు ఒక్కడివే ఇంటికి తెస్తే పొలం మనమే చేసుకుందాం, తేలేకపోతే కౌలుకిచ్చేసి నువ్వు కూడా అక్క దగ్గరికి వచ్చి బావ రంగుల కొట్లో నిలబడు అన్నాడు. నేను ఊ అన్నా. అక్కా, ఆ కొట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. నావల్ల కాదు.

పల్లం మడికీ మెరక మడికీ కలిపి నారు పోసా. మొలక బాగుంది. ఇంకో పది పదిహేను రోజులాగి వెనక నారు కూడా పోయమన్నాడు, ప్రతి ఏడూ పోస్తాడు కదా, ఇంటి వెనక చిన్న మడిలో. ప్రతి ఏడూ అది మిగిలిపోతుంది, ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాడు. మరి ఎందుకు పోయడం? అడగలేదు. పోయమన్నాడు, పోస్తా.

నీ తమ్ముడు

* * *

కుట్టు కంపెనీ, భోజనాల బల్ల దగ్గర నుంచి

ఒరేయ్ నత్తా,

నీకు ఇన్ని మాటలొచ్చా? పదహారేళ్ళలో నువ్వు నాతో మాట్లాడినవన్నీ కలిపినా ఇంత ఉండవు. రెండు సార్లు చదివా. బావకి చూపించలేదు, వినిపించా.

నాన్న నిన్న మంచం దిగాడు. అరిచా. ఎక్కాడు. పొద్దున లేవగానే కిటికీలోంచి మబ్బు చూస్తాడు. ఇక్కడ కిటికీలోంచి కనబడేది ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు. అది చూసే రేపు వాన పడుతుంది, పడదు అని చెప్తున్నాడు. సగం సార్లు నిజమవుతోంది.

కొట్టు సంగతి నేనూ విన్నా. నువ్వు అక్కడ నిలబడితే గోడకేసిన రంగనుకుని జనం వెళ్ళిపోతారు. కాబట్టి పంట పండించు. నిన్ను నమ్ముతున్నా అని నేను అనను, అంటే నీకు ఇంకా భయమేస్తుంది.

గంట కొట్టారు. నాకింకా నూట ఎనభై కాలర్లున్నాయి.

అక్క

* * *

నారుమడి గట్టు మీద నుంచి
నారు పోసిన పదిహేడో రోజు

అక్కా,

నిన్న వెనక నారు పోసా. నాన్నకి చెప్పు.

ఇంకో సంగతి. కాగితాలు పట్టుకుని ఒక మేడం వచ్చింది. పంటకి దేనివల్ల ఎంత ప్రమాదం అనుకుంటున్నారో ఒకటి నుంచి అయిదు దాకా మార్కులేసి చెప్పాలంట. వాన, వరద, పురుగు, ధర, కూలీలు, ఇట్లా పెద్ద జాబితా. అందర్నీ ట్రాక్టర్ పెదనాన్న షెడ్డు దగ్గర కూర్చోబెట్టింది.

పెదనాన్న గొంతు నీకు తెలుసుగా, ఇంజను ఆపినా ఆగదు. "ధరకి అయిదు వేసుకోమ్మా. మిగతావన్నీ మా తంటాలు మేం పడతాం, ధర మాత్రం మీవాళ్ళకి చెప్పు" అన్నాడు.

లారీ పిన్ని వచ్చింది. బాబాయి లారీ మీద పోయి ఇరవై రోజులైందంట, మొత్తం సేద్యం ఆవిడే చూసుకుంటోంది. "నా పొలం మెరక, వరదకి ఒకటి వేసుకో. కూలోళ్ళు దొరక్కపోవడానికి మాత్రం పది" అంది.

"పది లేదండీ, అయిదే."

"అయితే అయిదు రెండు సార్లు వేసుకో."

నా వంతు వచ్చింది. మేడం ఒక్కోటీ చదివింది, నేను అయిదు అయిదు అంటూ పోయా. "అన్నింటికీ అయిదేనా బాబూ?" అంది. ఊ అన్నా. చివర్లో 'ఇతర' అని ఒక గడి ఉంది. "ఇంకేదైనా భయం ఉందా?" అంది. నేను ఆవిడ చెప్పులు చూస్తూ నిలబడ్డా. ఏమీ లేదు అని రాసుకుని వెళ్ళిపోయింది.

నాన్నని అడిగితే ఏమంటాడు?

* * *

కుట్టు కంపెనీ నుంచి

నత్తా,

అడిగా. "వాగు" అన్నాడు. ఒక్క మాటే. మార్కులు అడిగితే నా మొహం చూశాడు.

ఎవరిని ఏది కొట్టిందో వాళ్ళు దానికే భయపడతారు కాబోలు. మా సూపర్‌వైజర్ని అడిగితే కరెంటు అంటాడు. నన్నడిగితే నాన్న మంచం దిగడం.

నాట్లు అయ్యాక రాయి.

* * *

పల్లం మడి దగ్గర నుంచి
నారు పోసిన ముప్పై ఆరో రోజు

అక్కా,

నాట్లయి తొమ్మిది రోజులైంది. ముందు పల్లం, తర్వాత మెరక. పల్లం మడి రెండెకరాలూ నేను చెప్పిన రోజుకే అయిపోయాయి. చెప్పిన అంటే నేను చెప్పలేదు, నాట్లేసే ఆవిడ ఎప్పుడు రమ్మంటావ్ అంటే వేళ్ళు చూపించా. మొన్నటిదాకా మొక్క వాడినట్టు పసుపుగా ఉంది, ఇప్పుడు వేరు పట్టి పచ్చబడింది. పొద్దునపూట చూస్తే నాకే గర్వంగా ఉంది.

లారీ పిన్ని నారుమడిలో బాతుల మంద దిగింది. తోలుకుపోయేవాడు టీ తాగుతూ కూర్చున్నాడంట. అరగంటలో మొత్తం తొక్కి తినేశాయి. పిన్ని మన ఇంటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఒకటి అడిగింది. ఊ అన్నా.

సరే, ఇంకేం లేదు. కాలు ఎట్లా ఉంది?

* * *

ఇంటి అటక మీద నుంచి
నారు పోసిన నలభై నాలుగో రోజు

అక్కా,

వాగు పొంగింది. మొన్న మధ్యాహ్నం వాన మొదలైతే ఇప్పటికీ ఆగలేదు. ఇంట్లోకి రాలేదు, మెట్ల దాకా వచ్చి ఆగింది, విత్తనాల బస్తా అటక మీదకెక్కించి నేనూ ఇక్కడే ఉన్నా. మెరక మడికి ఏం కాలేదు. పల్లం మడి కనబడట్లేదు. గట్టు కూడా కనబడట్లేదు. నీళ్ళ మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ తేలుతూ పోతోంది, ఎవరిదో.

నాలుగు రోజుల్లో దిగితే నాటిన మొక్క బతుకుతుంది. నాన్న ఎప్పుడూ అట్లాగే అంటాడు.

* * *

ఇంటి నుంచి, నాన్న మంచం పక్కన

ఒరేయ్,

నువ్వు తిన్నావా? అది చెప్పు ముందు.

నాన్న ఒకటే అడగమన్నాడు. వెనక నారు సంగతేంటి, ఉందా అని. జవాబు రాయి, ఇక్కడే ఉన్నా.

* * *

అటక మీద నుంచి

తిన్నా. ఉంది.

* * *

కుట్టు కంపెనీ నుంచి

నత్తా,

ఉంది అన్నావని చెప్పా. సంతోషిస్తాడనుకున్నా. గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం భోజనం కూడా సగమే తిన్నాడు. కాలు నొప్పేమో అనుకున్నా.

నీళ్ళు దిగాయా? వారం నుంచి నీ రాత లేదు. ఇన్నాళ్ళూ మాట్లాడకపోతే అలవాటే అనుకునేదాన్ని, ఇప్పుడు రాయకపోతే కంగారుగా ఉంటోంది.

* * *

పల్లం మడి గట్టు మీద నుంచి
నారు పోసిన అరవయ్యో రోజు

అక్కా,

నీళ్ళు దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. చూస్తున్నా, ఏదో ఒకటి చేస్తున్నా. నాన్నకి ఏం చెప్పకు.

ఒకటి అడుగుతా. పొద్దున ట్రాక్టర్ పెదనాన్న మన పల్లం మడి గట్టు మీద అడుగులేసి కొలుస్తున్నాడు. నన్ను చూసి, "ఏరా, పట్నంలో రంగులు అమ్ముతావంటగా" అని నవ్వాడు. ఏంటని అడగడానికి నోరు తెరిచా, ఆవులింత అనుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎందుకు కొలుస్తున్నాడు?

* * *

కుట్టు కంపెనీ, మెట్ల కింద నుంచి

తమ్ముడూ,

నత్తా అనట్లేదు చూడు, ఎందుకంటే నేను నీ దగ్గర ఒకటి దాచా.

నువ్వు ఉంది అని రాసిన మర్నాడే నాన్న బావ చేత పెదనాన్నకి ఫోన్ చేయించాడు. ఈ నెలాఖరుకి పల్లం మడి మళ్ళీ నాటు పడకపోతే కౌలుకి తీసుకొమ్మన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. నాకు అర్థం కాలేదు, నారు ఉందని వాడు చెప్తుంటే ఈయన ఇదేంటి అని. డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ బురదలో దిగడం ఇక కుదరదంట. ఆ భయంతో అనుకున్నా.

నెలాఖరుకి పన్నెండు రోజులుంది. నారు ఉంటే ఎందుకు నాటట్లేదు నువ్వు?

* * *

ఇంటి వెనక నుంచి
అదే రోజు

అక్కా,

నారు లేదు.

పిన్ని ఆరోజు అడిగింది అదే. వెనక నారు ఇస్తావా నాయనా, నాన్న ఎట్లాగూ ఎవరికో ఒకరికి ఇచ్చేదేగా అంది. నిజమే కదా, ప్రతి ఏడూ ఇస్తాడు, నేను చూశా. ఊ అన్నా. మర్నాడే పీక్కుని వెళ్ళి నాటేసుకుంది. ఆరు రోజులకి వాగు వచ్చింది.

అప్పుడు అటక మీద కూర్చుని లెక్కేసుకున్నా, నాన్న ఏ ఏడు ఎప్పుడు ఇచ్చాడు అని. పోయినేడు వరద దిగాక ఇచ్చాడు. అంతకు ముందేడూ అంతే. వాగు ఒకసారి వచ్చి పోయేదాకా ఎవరడిగినా చూద్దాంలే అనేవాడు. నేను ఇవ్వడం చూశా గానీ ఆగడం చూడలేదు. ఆగేటప్పుడు చూడటానికి ఏముంటుంది అక్కా, ఊరికే కూర్చుని ఉంటాడు.

నువ్వు ఉందా అని అడిగితే లేదని రాయడానికి వేలు కదల్లేదు.

నీళ్ళు దిగాక చూస్తే పల్లంలో అంతా కుళ్ళిపోయింది. మిగిలిన విత్తనాలు నానబెట్టి మొలకలు బురదలో చల్లా. మూడో రోజు వాన పడి మొత్తం ఒక మూలకి కొట్టుకుపోయాయి. ఆ మూలలో మాత్రం దువ్వెన పళ్ళలాగా ఒత్తుగా వచ్చింది. మిగతాదంతా ఖాళీ.

నాన్నకి చెప్పు. చెప్పకు. నీ ఇష్టం.

* * *

ఇంటి నుంచి, వంటగది తలుపేసుకుని

తమ్ముడూ,

తిట్టాలని మొదలుపెట్టి మూడు సార్లు చెరిపేశా. అబద్ధం ఒక్కటే నాకు కోపం. నారు ఇచ్చినందుకు కాదు.

నాన్నకి ఇంకా చెప్పలేదు. ముందు ఇది చెప్పు. నాట్లలో మొక్క చచ్చిన చోట నాన్న పక్క దుబ్బులోంచి పిలకలు తీసి పెట్టేవాడు కదా? నేను చిన్నప్పుడు వెనకాలే తిరుగుతూ అందించేదాన్ని. ఒక్కో దుబ్బుకి నాలుగైదు ఊడదీసినా తల్లి మొక్క మళ్ళీ వేసేది. పిన్ని పొలంలో ఉన్నది మన నారేగా. నాటి నెల కావస్తోంది, దుబ్బు కట్టి ఉంటుంది.

వెళ్ళి అడుగు.

* * *

ఇంటి మెట్ల మీద నుంచి
నారు పోసిన అరవై రెండో రోజు

అక్కా,

పిలకల సంగతి నాకూ తట్టింది. మన మెరక మడిలోవి తీస్తే పల్లంలో ఒక పక్క వరకే వస్తాయి. మిగతాది పిన్ని ఇస్తేనే.

రెండు సార్లు వెళ్ళా. మొదటిసారి గుమ్మం దగ్గరే, "ఏం నాయనా?" అంది, టైం ఎంత అని అడిగా. నా చేతిలో ఫోన్ ఉంది. రెండోసారి ఎరువు బస్తా మోస్తోంది, అందుకుని లోపల పెట్టి వచ్చేశా. "మంచి పిల్లాడు" అని వెనకనుంచి అంటోంది. ఇంకా అడగలేకపోయా.

ఇచ్చింది తిరిగి అడిగినట్టు ఉంటుంది అక్కా. పైగా సగం దుబ్బు తీస్తే ఆవిడ పంటకి ఏమవుతుందో అని ఆవిడకి భయం ఉండదా?

రేపు మెసేజ్ పెడతా. రాస్తే నాకు వస్తుంది కదా.

* * *

పిన్ని పొలం గట్టు మీద నుంచి
నారు పోసిన అరవై మూడో రోజు

అక్కా,

ఇది మొత్తం చదువు.

పొద్దున పిన్నికి మెసేజ్ పెట్టా. గంట పట్టింది రాయడానికి. పంపించి తలుపేసుకుని కూర్చున్నా. కాసేపటికి తలుపు కొట్టారు. పిన్ని. చేతిలో ఫోన్.

"నాయనా, ఇందులో ఏదో వచ్చింది, టింగుమంది. నాకు చదువు రాదుగా, కాస్త చూసి పెట్టు. మీ బాబాయి ఏమైనా పంపాడేమో" అంది.

అక్కా, పిన్నికి చదువు రాదని నాకు తెలుసు. చిన్నప్పటినుంచి తెలుసు. రాసేటప్పుడు గుర్తే రాలేదు.

ఫోన్ తీసుకున్నా. నా మెసేజే. పైన నా పేరు కూడా లేదు, ఒట్టి నంబరు. "కంపెనీవాళ్ళది పిన్నీ" అన్నా.

"పొద్దున్నించీ ఇవే. తీసేయ్ అయితే" అంది.

తీసేయడానికి వేలు పెట్టా. నొక్కితే అయిపోతుంది, ఆవిడ వెళ్ళిపోతుంది. నెలాఖరుకి పెదనాన్న ట్రాక్టర్ మన మడిలో దిగుతుంది, నేను రంగుల కొట్లో ఉంటా. అక్కడ రోజంతా మాట్లాడాలి. ఇక్కడ ఒక్కసారి మాట్లాడితే చాలు. నిజంగా అట్లాగే లెక్కేసుకున్నా.

"కంపెనీది కాదు పిన్నీ. చదువుతా" అన్నా. చదివా. తల ఎత్తకుండా చదివా.

"పిన్నీ, నీకిచ్చిన వెనక నారు మాకు వరద కోసం ఉంచుకున్నది. నాకు తెలియక వాగు రాకముందే ఇచ్చేశా. తప్పు నాది. మా పల్లం మడి పోయింది. నీ దుబ్బుల్లో సగం పిలకలు తీసి ఇస్తే నాటుకుంటా. నీ పంట తగ్గకుండా ఒకసారి ఎరువు నేనే వేస్తా. నీకు ఇష్టం లేకపోతే ఏం అనుకోను."

పిన్ని ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత, "ఎవర్రా పంపింది ఇది?" అంది.

"నేనే."

"ఎదురింట్లో ఉండి ఫోన్‌లో పంపావా?"

"ఊ."

నవ్వడం మొదలుపెట్టింది. మెట్ల మీద కూర్చుని మరీ నవ్వింది. నాకు చెవులు కాలిపోయాయి. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని బేరం మొదలుపెట్టింది.

"సగం తీస్తే నా చేను పలచబడదా?"

"బడదు. మిగిలినవి మళ్ళీ వేస్తాయి. పది రోజులు పోతే తీసినట్టే తెలియదు. తెలిస్తే నన్నడుగు." ఇంత వరసగా మాట్లాడింది నేనేనా అని నాకే అనిపించింది.

"సరే. మరి కోతకి నాకు మనుషులు దొరకరు. పోయినేడు నా చేను ఎండిపోయి గింజ రాలిపోయేదాకా ఎవరూ రాలేదు. నువ్వొస్తావా?"

"వస్తా."

"నీ చేను కంటే ముందు నాది."

"ముందు నీదే."

ఇప్పుడు నేను, పిన్ని, నాట్లేసే ఇద్దరు ఆడవాళ్ళు పిలకలు తీస్తున్నాం. నడుం విరిగిపోతోంది. అరిగిపోయిన వేలితో రాస్తున్నా.

నాన్నకి చెప్పేయ్. అబద్ధం సంగతి కూడా.

* * *

ఇంటి నుంచి, నాన్న మంచం పక్కన

ఒరేయ్ నత్తా,

చెప్పా. మొత్తం చదివి వినిపించా, కంపెనీ మెసేజ్ దగ్గర నాన్న దగ్గేంత నవ్వాడు.

తర్వాత ఏమన్నాడో తెలుసా? పిన్ని నారు పీక్కున్న సాయంత్రమే నాన్నకి ఫోన్ చేసిందంట, మీవాడు బంగారం అని. అప్పటినుంచీ తెలుసు ఈయనకి. వాగు వచ్చినప్పుడు ఉందా అని అడగమన్నది అందుకే. నువ్వు ఉంది అన్నావు. పంట పోయినందుకు కాదు పడుకుంది గోడవైపు.

ఇద్దరూ ఇద్దరే. ఒకడు అడగడు, ఒకడు చెప్పడు. మధ్యలో నేను కాలర్లు కుట్టుకుంటూ పోస్టుమ్యాన్ పని చేస్తున్నా. కోపంగా ఉంది నాకు, నిజంగా.

ఫోన్ ఇమ్మంటున్నాడు. తనే కొడతాడంట. గంటైనా పడుతుంది, నేను బట్టలు ఆరేసి వస్తా.

* * *

అబ్బాయ్

నారు ఇవ్వడం తప్పు కాదు నేనైనా ఇస్తా

ఎప్పుడు ఇస్తానో నీకు చెప్పలేదు అది నాది

ఉంది అన్నావు అది నీది

పెదనాన్నకి ఫోన్ చేశా గట్టు దిగమన్నా

పిలక లోతుగా పెట్టకు

నాన్న

* * *

కళ్ళం నుంచి
కోతలైన మూడో రోజు

అక్కా,

ముందు పిన్ని చేను కోశాం. ఆరు రోజులు. ఎంతమంది వస్తారో అని భయపడి ఆవిడ పదిమందికి చెప్పింది, నాతో కలిపి నలుగురు వచ్చారు. ఆవిడ పంట తగ్గలేదు. కొంచెం తగ్గిందేమో, ఆవిడ అనలేదు, నేను అడగలేదు. కాదు, అడిగా. "తగ్గితే నీ నెత్తినెక్కి కూర్చునేదాన్ని" అంది.

పల్లం మడి ఆలస్యంగా ఈనింది. పోయినేటితో చూస్తే నాలుగింట మూడు వంతులు వచ్చింది. దువ్వెన మూల మాత్రం ఒట్టి గడ్డి. ధాన్యం ఇంట్లోకి చేర్చా. నాన్న వచ్చేటప్పుడు కర్రకి కింద రబ్బరు ముక్క పెట్టించు, మెట్లు జారుతున్నాయి.

* * *

ఇంటి మెట్ల మీద నుంచి
మళ్ళీ నారు పోసిన ముప్పయ్యో రోజు

అక్కా,

నాన్న కర్ర వేసుకుని గట్టు దాకా వస్తున్నాడు. బురదలో దిగట్లేదు. దిగితే నీకు రాస్తానని బెదిరించా.

నాట్లయ్యాయి. వెనక నారు జానెడు లేచింది. పొద్దున ట్రాక్టర్ పెదనాన్న వచ్చాడు. ఆయన నారుమడికి తెగులొచ్చిందంట. "ఏరా, ఆ వెనక నారు నాకిచ్చేయ్, రేపు పీకించుకుంటా" అని ఆ గొంతుతో అన్నాడు. నాన్న అరుగు మీదే ఉన్నాడు. ఆయన వైపు చూశా. నాన్న మబ్బు చూస్తున్నాడు, ఎంతసేపు చూస్తాడో అంతసేపూ చూశాడు.

"వాగు వచ్చి పోనీ పెదనాన్నా. అప్పుడిస్తా" అన్నా.

"అప్పటిదాకా నేనేం చేయాలిరా?"

"పిన్ని దగ్గర విత్తనం మిగిలింది. అడుగు. నేను కూడా వస్తా, ఇద్దరం అడుగుదాం."

పెదనాన్న నాన్న వైపు తిరిగి, "వీడికి మాటలొచ్చాయేంటి?" అన్నాడు.

నాన్న, "ఊ" అన్నాడు.

నీ తమ్ముడు